గేట్ ఆప్టిట్యూడ్‌కు బీజగణితం, వర్డ్ ప్రాబ్లమ్స్: మళ్లీ మొదటి నుంచి ఎలా చూసుకోవాలి

మీ బ్రాంచి ఏదైనా సరే, ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్ష 100 మార్కుల్లో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వే. పది ప్రశ్నలు: ఐదు ఒక మార్కువి, ఐదు రెండు మార్కులవి. ఇంగ్లిషు, తర్కం, బొమ్మల ప్రశ్నలు పోను మిగిలినవన్నీ శాతాలు, నిష్పత్తులు, ఘాతాలు, లాగ్‌లు, వేగం, పని లాంటివి. అంటే చాలావరకు ఎనిమిది నుంచి పదో తరగతి దాకా చేసిన లెక్కలే. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, మారతహళ్లిలోనో బీటీఎంలోనో పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్లో ఉంటూ గేట్‌కు చదివే మనవాళ్లు చాలామంది ఈ భాగాన్ని చివరి నెలకు నెట్టేస్తారు, వచ్చిన లెక్కలే కదా అని. వచ్చిన లెక్కే రెండు నిమిషాల్లో తప్పు లేకుండా రావాలంటే మాత్రం దానికీ ఒక నెల కేటాయించాలి.

ఈ లెక్కల్లో మార్కులు పోయేది సమీకరణాన్ని సాధించే దగ్గర తక్కువ. వాక్యాన్ని సమీకరణంగా రాసే దగ్గరే ఎక్కువ. అందుకని బీజగణితాన్ని గబగబా చూసుకుని, వర్డ్ ప్రాబ్లమ్స్ దగ్గర తీరిగ్గా కూర్చుందాం. ఇక్కడ తెలియని సంఖ్యలకు క, వ లాంటి తెలుగు అక్షరాలు వాడాం. మీ నోట్‌బుక్‌లో ఎక్స్, వై రాసుకోండి.

ముందు పన్నెండు నిమిషాల పరీక్ష

పుస్తకం తెరవక ముందే, ఫోన్ పక్కన పెట్టి, కాలిక్యులేటర్ లేకుండా ఈ ఆరూ చేయండి.

1. 7 − 2(క − 3) = 1 అయితే క ఎంత?
2. √(క + 6) = క అయితే క ఎంత?
3. 2⁶⁰, 3⁴⁰ లలో ఏది పెద్దది?
4. క² − 7క + 10 = 0 మూలాల వర్గాల మొత్తం ఎంత?
5. అద్దె 20 శాతం పెరిగి, ఆ పెరిగిన దాని మీద 20 శాతం తగ్గింది. మొదటి అద్దెలో ఇప్పుడు ఎంత శాతం?
6. వెళ్లేటప్పుడు గంటకు 60 కిలోమీటర్లు, అదే దారిలో వచ్చేటప్పుడు 40. సగటు వేగం ఎంత?

జవాబులు వరసగా: 6; 3 మాత్రమే; 3⁴⁰; 29; 96 శాతం; 48.

ఎన్ని తప్పాయన్నది కాదు, ఎందుకు తప్పాయన్నది చూడండి. ప్రతి తప్పు పక్కన మూడు మాటల్లో ఒకటి రాయండి: "చదవడం" అంటే ప్రశ్న అడిగింది ఒకటి, మీరు కనుక్కున్నది ఇంకొకటి. "రాయడం" అంటే సమీకరణమే తప్పు. "చేయడం" అంటే సమీకరణం సరిగ్గానే ఉంది, లెక్క తప్పింది. ఈ నెలంతా ఈ మూడు గుర్తులే వాడండి. రెండు వారాలయ్యాక లెక్కపెడితే మీ జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. "చేయడం" ఎక్కువుంటే కింది భాగం మీద, "రాయడం" ఎక్కువుంటే ఆ తర్వాతి భాగం మీద సమయం పెట్టండి. "చదవడం" ఎక్కువుంటే ప్రశ్నలోని చివరి వాక్యాన్ని ముందు చదివే అలవాటు ఒక్కటే మందు.

బీజగణితంలో కాలు జారే చోట్లు

సూత్రాల జాబితా కంఠతా పట్టడం వల్ల ఇక్కడ పెద్దగా లాభం లేదు. తప్పులు ఎప్పుడూ అవే నాలుగైదు చోట్ల జరుగుతాయి.

బ్రాకెట్ ముందు మైనస్. 7 − 2(క − 3) ని విప్పితే 7 − 2క + 6. చాలామంది చివరిది − 6 అని రాస్తారు. ఇంకొందరు ముందు 7లోంచి 2 తీసేసి 5(క − 3) చేస్తారు. బ్రాకెట్ ముందున్న సంఖ్యను గుర్తుతో సహా, లోపలి ప్రతి పదంతోనూ విడివిడిగా గుణించి ఒక లైన్ రాయండి. ఆ లైన్ ఎగ్గొట్టినప్పుడే తప్పు వస్తుంది.

అడ్డంగా కొట్టేయడం. (క + 6)/6 లో పైన 6, కింద 6 కొట్టేసి క అని రాయకూడదు. కూడికలో ఉన్నది కొట్టేయడానికి లేదు, గుణకారంలో ఉన్నదే పోతుంది. అనుమానం వస్తే ఒక సంఖ్య వేసి చూడండి: క = 6 అయితే 12/6 = 2, మీ జవాబు 6. రెండూ వేరు, కాబట్టి కొట్టేయడం తప్పు. (క + వ)² విషయంలోనూ ఇదే పరీక్ష: 3, 4 వేస్తే 49 వస్తుంది, 9 + 16 = 25 రాదు. లాగ్‌ల్లో కూడా అంతే. రెండు సంఖ్యల లబ్ధానికి లాగ్ తీస్తే విడివిడి లాగ్‌ల మొత్తం వస్తుంది, సంఖ్యల మొత్తానికి లాగ్ తీస్తే రాదు.

మూలం పోగొట్టుకోవడం, లేని మూలం తెచ్చుకోవడం. క² = 5క ని రెండువైపులా క తో భాగిస్తే 5 మిగులుతుంది, 0 పోతుంది. భాగించకుండా క(క − 5) = 0 అని రాయండి. రెండో ప్రశ్నలో దీనికి తిరుగుడు: వర్గం చేస్తే క² − క − 6 = 0, మూలాలు 3, −2. కానీ −2 వేస్తే ఎడమవైపు √4 = 2, కుడివైపు −2. వర్గమూలం గుర్తు ఎప్పుడూ రుణం కాని విలువనే ఇస్తుంది కాబట్టి −2 చెల్లదు. రెండువైపులా వర్గం చేసిన ప్రతిసారీ మూలాలను మొదటి సమీకరణంలో వేసి చూడాల్సిందే. ఆప్షన్లలో "3, −2" కూడా తప్పకుండా ఉంటుంది.

అసమీకరణాల్లో రుణ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగబడుతుంది: −2క > 6 అంటే క < −3. తెలియని రాశితో అసలు గుణించకండి, అది ధనమో రుణమో మీకు తెలియదు. అన్నీ ఒకవైపుకు తెచ్చి గుర్తు చూడండి.

వర్గ సమీకరణంలో క² గుణకం 1 అయితే, మూలాల మొత్తం అంటే క గుణకాన్ని గుర్తు మార్చి తీసుకోవడమే. లబ్ధం అంటే చివరి సంఖ్య. నాలుగో ప్రశ్నలో మొత్తం 7, లబ్ధం 10; వర్గాల మొత్తం 7² − 2 × 10 = 29. మూలాలు తేలిగ్గా రాని సమీకరణం ఇచ్చినప్పుడు ఈ దారే దిక్కు.

ఘాతాల పోలికలో రెండింటికీ ఒకే ఘాతం తెప్పించండి: 2⁶⁰ అంటే 8²⁰, 3⁴⁰ అంటే 9²⁰. అంకెల సంఖ్య అడిగితే లాగ్ వాడండి. 2కి లాగ్ 0.301 కాబట్టి 2⁵⁰ కి దాదాపు 15.05, పూర్ణాంక భాగానికి ఒకటి కలపండి, 16 అంకెలు.

ఇదంతా వారం పని. ఏదైనా పునాదే గుర్తులేకపోతే పదో తరగతి లెక్కల పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకోండి. అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో తక్కువకే దొరుకుతుంది. పై స్థాయి పుస్తకాలు ఈ పదిహేను మార్కులకు అక్కర్లేదు.

వాక్యం నుంచి సమీకరణానికి

నాలుగు అడుగులు, ఇదే వరసలో.

చివరి వాక్యం చదివి, అడిగింది ఏమిటో, ఏ ప్రమాణంలోనో పేపర్ మీద రాయండి. "వేగం, గంటకు కిలోమీటర్లలో" అని. "క = బస్సు" అని రాస్తే పనికిరాదు; "క = బస్సు వేగం" అని రాయండి. అక్షరం ఎప్పుడూ ఒక సంఖ్యకు బదులే, వస్తువుకు బదులు కాదు.

తర్వాత ఒక్కో వాక్యానికి ఒక్కో ముక్క రాయండి. మొత్తం ప్రశ్న చదివి మనసులో సమీకరణం కట్టే ప్రయత్నం చేయకండి. ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. మొదటిది మాటల వరస: "సిక్స్ లెస్ దేన్ ట్వైస్ ఎ నంబర్" అంటే 2క − 6. మాటలు వచ్చిన వరసలోనే రాసుకుపోతే 6 − 2క అవుతుంది, అది తప్పు. రెండోది "రెట్లు". ఒక పీజీలో ఉండేవాళ్లు వంటవాళ్లకు 12 రెట్లు. ఉండేవాళ్ల సంఖ్య మ, వంటవాళ్ల సంఖ్య వ అయితే సమీకరణం ఏది? 12మ = వ అని రాసేవాళ్లు చాలామంది, ఎందుకంటే చదివేటప్పుడు "పన్నెండు మంది మనుషులకు ఒక వంటమనిషి" అన్న బొమ్మ కళ్లముందు కడుతుంది. వంటవాళ్లు 2 అనుకోండి, మనుషులు 24 కావాలి. 12 × 24 = 2 కాదు. కాబట్టి మ = 12వ. ఎక్కడ "రెట్లు" కనిపించినా చిన్న సంఖ్య ఒకటి వేసి చూశాకే ముందుకు కదలండి. ఐదు సెకన్ల పని.

మూడో అడుగు ప్రమాణాలు ఒకటి చేయడం. నిమిషాలు గంటలుగా, గ్రాములు కిలోలుగా. నాలుగోది, వచ్చిన జవాబును సమీకరణంలో కాకుండా మళ్లీ మాటల్లో వేసి సరిచూడటం. సమీకరణమే తప్పయితే దాంట్లో వేసి చూసినా తప్పు బయటపడదు.

శాతాలు, మిశ్రమాలు: మారనిది పట్టుకోండి

ప్రతి శాతం ఏదో ఒక దాని మీద. "దేని మీద?" అని అడగకుండా శాతం గుర్తు దాటకండి. ఐదో ప్రశ్నలో అద్దె 15,000 అనుకుంటే, 20 శాతం పెరిగి 18,000. తగ్గేది 18,000 మీద, కాబట్టి 3,600 పోయి 14,400. పెంపు 1.2, తగ్గింపు 0.8, రెండూ గుణిస్తే 0.96. కూడికలు, తీసివేతలు వద్దు, గుణించుకుంటూ పొండి.

ఇప్పుడు కాఫీ పొడి లెక్క ఒకటి తీరిగ్గా చూద్దాం. మల్లేశ్వరంలోనో గాంధీ బజార్‌లోనో కాఫీ పొడి షాపుకు వెళ్తే చికోరీ ఎంత శాతం కలపాలని అడుగుతారు కదా, అదే లెక్క. మీ దగ్గర కాఫీ 80, చికోరీ 20 శాతం ఉన్న పొడి ఒక కిలో ఉంది. దాన్ని 60, 40 చేయాలంటే ఇంకెంత చికోరీ కలపాలి?

తొందరలో వచ్చే జవాబు 200 గ్రాములు: చికోరీ 20 శాతం నుంచి 40 శాతానికి పెరగాలి, కిలోలో 20 శాతం 200 గ్రాములు అని. కలిపి చూడండి. మొత్తం 1,200 గ్రాములు, కాఫీ 800. 800/1,200 అంటే 66.7 శాతం, 60 కాలేదు. ఎందుకంటే చికోరీ కలిపితే చికోరీతో పాటు మొత్తం బరువూ పెరిగింది, శాతం ఇప్పుడు కొత్త మొత్తం మీద.

ఇలాంటి లెక్కలో మారనిది ఏది? కాఫీ. ముందూ 800 గ్రాములే, తర్వాతా 800 గ్రాములే. ఆ 800 కొత్త మొత్తంలో 60 శాతం కావాలి. కొత్త మొత్తం = 800/0.6 = 1,333 గ్రాములు. కలపాల్సింది సుమారు 333 గ్రాములు. అక్షరం కూడా అక్కర్లేకుండా లెక్క అయిపోయింది. పాలలో నీళ్లు కలిపినా, ఉప్పునీళ్లు ఆవిరైనా, ఎండుద్రాక్ష లెక్క వచ్చినా సూత్రం వెతక్కండి, మారనిది వెతకండి.

రెండు మిశ్రమాలు కలిపే లెక్కకు దగ్గరి దారి ఉంది. 80 శాతం పొడి, 60 శాతం పొడి కలిపి 75 శాతం పొడి రెండు కిలోలు కావాలి. 75కి 60 నుంచి దూరం 15, 80 నుంచి దూరం 5. తిరగేసి రాస్తే 80 శాతం పొడి 15 పాళ్లు, 60 శాతం పొడి 5 పాళ్లు, అంటే 3:1. కిలోన్నర, అరకిలో. తిరగేయడం మర్చిపోతే 1:3 వస్తుంది, అదీ ఆప్షన్లలో ఉంటుంది. ఒక్కటి చూసుకోండి: కావాల్సిన శాతం దేనికి దగ్గరగా ఉందో అది ఎక్కువ పడాలి.

పని, పంపుల లెక్కలు

బెంగళూరు అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లకు సంప్ కొత్త కాదు. బోరు మోటారు ఒక్కటే అయితే సంప్ 6 గంటల్లో నిండుతుంది. కావేరి లైన్ ఒక్కటే అయితే 4 గంటల్లో. పైట్యాంకుకు నీళ్లు ఎక్కించే పంపు నిండు సంప్‌ను 12 గంటల్లో ఖాళీ చేస్తుంది. ఖాళీ సంప్‌తో మొదలుపెట్టి మూడూ నడిస్తే ఎంతసేపట్లో నిండుతుంది?

గంటలను కూడకూడదు, సగటు తీయకూడదు. కూడాల్సింది గంటకు జరిగే పని. 1/6 + 1/4 − 1/12 అని భిన్నాలతో చేయొచ్చు గానీ, సంప్ 12,000 లీటర్లు అనుకుంటే సుళువు, ఎందుకంటే 12ను 6, 4, 12 మూడూ భాగిస్తాయి. బోరు గంటకు 2,000, కావేరి 3,000, పంపు తీసేది 1,000. నికరంగా 4,000. మూడు గంటలు.

పరీక్షలో దీన్ని ఇలా మెలిపెడతారు: కావేరి నీళ్లు రెండు గంటలే వచ్చి ఆగిపోయాయి. ఇప్పుడు కొత్త సమీకరణం కట్టక్కర్లేదు. రెండు గంటల్లో 8,000 లీటర్లు చేరాయి, మిగిలింది 4,000. ఇక మీదట గంటకు 2,000 − 1,000 = 1,000. ఇంకో నాలుగు గంటలు, మొత్తం ఆరు. అడిగింది "మొత్తం" సమయమా, "ఇంకా" పట్టే సమయమా అన్నది ఒకసారి చివరి వాక్యం చూసుకోండి. 4, 6 రెండూ ఆప్షన్లలో ఉంటాయి.

వేగం లెక్కల్లో నిమిషాలు

సగటు వేగం అంటే మొత్తం దూరం బై మొత్తం సమయం, వేగాల సగటు కాదు. ఆరో ప్రశ్నలో దారి 240 కిలోమీటర్లు అనుకోండి: వెళ్లడానికి 4 గంటలు, రావడానికి 6, మొత్తం 480 బై 10, గంటకు 48. నెమ్మదిగా నడిచిన వేగంలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి సగటు ఎప్పుడూ చిన్నదానివైపే జరుగుతుంది. అందుకే 50 రాదు.

ఇదే దూరంతో సమీకరణం కట్టాల్సిన లెక్క: తిరుపతి బస్సు 240 కిలోమీటర్లు వెళ్లాలి. వేగం గంటకు 10 కిలోమీటర్లు పెరిగితే 48 నిమిషాలు ముందు చేరుతుంది. అసలు వేగం ఎంత?

వ = అసలు వేగం, గంటకు కిలోమీటర్లలో. 240/వ − 240/(వ + 10) = 48/60. కుడివైపు 48 అని గానీ, 0.48 అని గానీ రాస్తే లెక్క అక్కడే పోయింది. 48 నిమిషాలంటే 0.8 గంట. ఎడమవైపు కలిపితే 2,400/(వ(వ + 10)) = 0.8. అంటే వ(వ + 10) = 3,000. విప్పి వర్గ సమీకరణం చేస్తే (వ + 60)(వ − 50) = 0. వేగం 50. నిజానికి విప్పక్కర్లేదు: 10 తేడా ఉన్న రెండు సంఖ్యల లబ్ధం 3,000 అంటే 50, 60 అని కంటికే తెలుస్తుంది. మాటల్లో సరిచూస్తే, 50 మీద 4.8 గంటలు, 60 మీద 4 గంటలు, తేడా 0.8.

ఆప్షన్లు ఇచ్చినప్పుడు సమీకరణం కట్టడం ఆలస్యమనిపిస్తే, మధ్య విలువ ఒకటి తీసి వేసి చూడండి. తేడా ఎక్కువ వస్తే వేగం ఇంకా పెద్దది, తక్కువ వస్తే చిన్నది. రెండు ప్రయత్నాల్లో తేలిపోతుంది.

రెండు సమీకరణాల లెక్కల గురించి ఒక్క మాట చాలు. దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) 3 ఇడ్లీ ప్లేట్లు, 2 వడలు 180 రూపాయలు. 2 ఇడ్లీ ప్లేట్లు, 3 వడలు 170. గుణకాలు ఇలా అటూ ఇటూ మారి ఉంటే రెండింటినీ కూడండి: 5(ఇ + వ) = 350, కాబట్టి ఇ + వ = 70. తీసేయండి: ఇ − వ = 10. ఇడ్లీ ప్లేటు 40, వడ 30. ప్రశ్న ఒక ఇడ్లీ ప్లేటు, ఒక వడ కలిపి ఎంతని అడిగితే మొదటి లైన్‌తోనే ఆపేయండి.

నెల రోజుల వరస

ఉద్యోగం ఉన్నవాళ్లకు రోజూ నలభై నిమిషాలు, ఆదివారం రెండు గంటలు సరిపోతాయి. మొదటి వారం బీజగణితం, రెండో వారం శాతాలు, నిష్పత్తులు, మిశ్రమాలు, మూడో వారం పని, వేగం. నాలుగో వారం పాత గేట్ పేపర్లు. ఒకే ఏడాది వేర్వేరు పూటలు జరిగిన పేపర్లలో ఆప్టిట్యూడ్ ప్రశ్నలు వేరుగా ఉంటాయి కాబట్టి మీ బ్రాంచి కాని పేపర్ల నుంచి కూడా ఆ పది ప్రశ్నలు తీసుకోండి. పదింటికీ 25 నిమిషాలు పెట్టుకోండి. 180 నిమిషాలను 100 మార్కులకు పంచితే 15 మార్కుల వాటా 27 నిమిషాలే.

పర్పుల్ లైన్ మెట్రోలో నిలబడి వర్డ్ ప్రాబ్లమ్స్ చేయకండి. పెన్ను లేకుండా చేస్తే మనసులో సమీకరణం కట్టే చెడ్డ అలవాటు వస్తుంది. ఆ సమయం భిన్నాలకు, శాతాలకు పనికొస్తుంది: 1/6 అంటే 16.67, 1/7 అంటే 14.29, 1/8 అంటే 12.5, 1/9 అంటే 11.11, 1/11 అంటే 9.09, 1/12 అంటే 8.33. ఇవి నోటికి వస్తే డేటా టేబుల్ ప్రశ్నల్లో సగం పని అయినట్టే.

తప్పిన లెక్కను జవాబు చూసి వదిలేయకండి. మూడు రోజులాగి, జవాబు మూసి, ఖాళీ పేజీ మీద మళ్లీ చేయండి. అప్పుడూ తప్పితేనే దాని మీద నోట్స్ రాయండి.

పరీక్ష హాల్లో

సొంత కాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు. తెర మీద ఉన్నదాన్ని మౌస్‌తో నొక్కాలి, కాబట్టి చిన్న గుణకారాలకు దాని జోలికి పోవద్దు. ఇంటి దగ్గర పాత పేపర్లు చేసేటప్పుడూ ఫోన్ కాలిక్యులేటర్ బదులు అలాంటిదే వాడండి. ఇచ్చిన స్క్రిబుల్ ప్యాడ్‌లో ప్రతి లెక్కకూ ప్రశ్న నంబర్ వేసి, మధ్య గీత గీయండి. చివర్లో తిరిగి చూసుకునేటప్పుడు ఏ అంకె ఏ లెక్కదో వెతుక్కోనక్కర్లేదు. రెండు నిమిషాలకు సమీకరణం రాకపోతే గుర్తు పెట్టి ముందుకెళ్లిపోండి.

ఊహించి పెట్టాలా వద్దా అన్నదీ లెక్కే. నాలుగు ఆప్షన్ల ఒక మార్కు ప్రశ్నలో తప్పుకు 1/3 పోతుంది, రెండు మార్కుల దాంట్లో 2/3. గుడ్డిగా పెడితే 1/4 × 1 − 3/4 × 1/3 = 0; సగటున లాభం లేదు, నష్టం లేదు. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తేలితే 1/3 − 2/3 × 1/3 = 1/9, లాభం మొదలవుతుంది. రెండు తీసేయగలిగితే 1/2 − 1/2 × 1/3 = 1/3. వర్డ్ ప్రాబ్లమ్స్‌లో తీసేయడం తేలిక: సగటు రెండు వేగాల మధ్యే ఉండాలి, రెండు పైపులు కలిసి నింపితే ఒక్కదానికి పట్టే సమయం కంటే తక్కువే పట్టాలి, మిశ్రమం శాతం రెండు శాతాల మధ్యే రావాలి. అలా ఒక్కటి కూడా కొట్టేయలేని ప్రశ్నను ఖాళీగా వదిలేసి మీ బ్రాంచి ప్రశ్నలకు వెళ్లండి. కర్ణాటక సీఈటీ రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు ఈ చివరి లెక్క వర్తించదు. అక్కడ తప్పుకు మార్కులు కోయరు కాబట్టి 60 ప్రశ్నల లెక్కల పేపర్లో ఒక్కటీ ఖాళీగా వదలకూడదు.